పాత బుల్లెట్ కార్బురేటర్ సర్వీసు: విజయవాడ ఆటోనగర్‌లోని ఒక చిన్న షెడ్డుపై సమీక్ష

మిక్‌కార్బ్ వీఎం-24 కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) ఉన్న నా క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 కొంతకాలంగా పెట్రోలు అతిగా తాగుతూ, నల్లటి పొగ వదులుతూ, సగం థ్రాటిల్ (యాక్సిలరేటర్) దగ్గర తడబడుతూ ఉండేది. అంతకుముందు చూపించిన చోట ఎయిర్ స్క్రూ (ఐడ్లింగ్‌లో గాలిని సర్దే మర) కాస్త తిప్పి, కొత్త ప్లగ్గు వేసి పంపించారు. త్వరలోనే ఆ ప్లగ్గుకూ పొడి మసి పట్టింది. దాంతో కార్బురేటర్ పనులే ప్రధానంగా చేసే ఈ షెడ్డుకు తీసుకువెళ్లాను.

ఇక్కడ నన్ను మెప్పించింది లోపాన్ని వెతికిన క్రమం. మేస్త్రి స్క్రూ జోలికి పోకుండా, బండి ఏ థ్రాటిల్ దగ్గర ఇబ్బంది పెడుతోందని ముందుగా అడిగారు. ఐడ్లింగ్‌లో పైలట్ జెట్ (జెట్ అంటే పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రమున్న ముక్క), ఎయిర్ స్క్రూ; మధ్య థ్రాటిల్‌లో నీడిల్ (థ్రాటిల్‌తో పాటు పైకి లేచే సూది), అది దిగే నీడిల్ జెట్; పూర్తిగా తెరిచినప్పుడు మెయిన్ జెట్ పెట్రోలును శాసిస్తాయి కాబట్టి, ఆ ఒక్క ప్రశ్నతోనే అనుమానం సగానికి తగ్గిపోయింది. అయినా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోలేదని, చోక్ ప్లంజర్ (చల్లటి ఇంజిన్‌కు అదనపు పెట్రోలు ఇచ్చే దారిని మూసే ముక్క) పూర్తిగా కిందికి కూర్చుంటోందని, ఫ్లోట్ చాంబర్‌లో (కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నెలో) పెట్రోలు మట్టం సరిగానే ఉందని చూసుకున్నాకే నీడిల్ బయటికి తీశారు. ఏళ్ల తరబడి రాపిడికి నీడిల్ జెట్ రంధ్రం కోలగా అరిగిపోయింది. ఆ సందులోంచి అదనపు పెట్రోలు వస్తున్నప్పుడు ఎయిర్ స్క్రూ ఎంత తిప్పినా మధ్య థ్రాటిల్‌లో ఫలితం ఉండదు. కార్బురేటర్ మొత్తం మార్చమనకుండా నీడిల్‌ను, జెట్‌ను జతగా మార్చి, నీడిల్ ఎత్తును నిర్ణయించే క్లిప్పును మధ్య గాడిలో పెట్టి, కొంత దూరం నడిపించి ప్లగ్గు తీసి చూపించారు. అది లేత గోధుమ రంగులో ఉంది, అంటే పెట్రోలు, గాలి మిశ్రమం సరిగా కుదిరింది. తడబాటు పోయింది, పొగ ఆగింది.

నా బండిలోని వీఎం రకంలో ఎయిర్ స్క్రూ విప్పితే గాలి పెరిగి మిశ్రమం పలచబడుతుందని, చాలా సీవీ (ఇంజిన్ పీల్పుతో స్లైడ్ లేచే రకం) కార్బురేటర్లలో మాత్రం మిశ్రమం స్క్రూ విప్పితే పెట్రోలే పెరుగుతుందని కూడా ఆయన వివరించారు. ఈ తేడా పట్టించుకోని చేతుల్లో ఎన్ని బళ్లు పాడయ్యాయో!

లోపాలూ ఉన్నాయి. ముందుగా సమయం ఇవ్వరు కాబట్టి వరుసలో చాలాసేపు నిలబడాలి, కూర్చోవడానికి చోటు లేదు. బిల్లులో విడిభాగాల పేర్లు రాయలేదు. పాత జెట్‌ను నేను అడిగితేనే ఇచ్చారు. కూలి మాత్రం న్యాయంగానే అనిపించింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ (కార్బురేటర్ లేకుండా పెట్రోలును చిమ్మే పద్ధతి) ఉన్న బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బళ్లను ఇక్కడ తీసుకోరు.