స్టాప్‌వాచ్ నొక్కితే టైమ్ తప్పుతుందా? ఏ క్రోనోగ్రాఫ్ మేలు?

హనుమకొండ జేఎన్ఎస్ గ్రౌండ్‌లో పిల్లలను ఉరికించే పీఈటీ సార్లకూ, వాచీల పిచ్చి ఉన్న కుర్రాళ్లకూ ఉండే సందేహం ఒకటే: క్రోనోగ్రాఫ్‌లో (స్టాప్‌వాచ్ కూడా ఉన్న చేతి వాచీలో) స్టాప్‌వాచ్ ఆన్ చేస్తే అసలు టైమ్ దెబ్బతింటుందా? కీ వాచీలో, చేతి కదలికకు తానే కీ ఎక్కే ఆటోమేటిక్‌లో కొంచెం మారుతుంది. సెల్ వాచీలో మారదు.

కీ వాచీలో ఉన్న బలమంతా ఒక్క స్ప్రింగుదే. బటన్ నొక్కగానే అదే స్ప్రింగు స్టాప్‌వాచ్ ముళ్లను కూడా లాగాలి. దాంతో అటూ ఇటూ ఊగుతూ టైమ్ పట్టే బ్యాలెన్స్ చక్రం ఊపు తగ్గుతుంది. దీన్ని కళ్లతో చూడాలంటే టైమ్‌గ్రాఫర్ (వాచీ టిక్ టిక్‌ను మైకుతో విని ఊపును, టైమ్ తేడాను చూపే మిషన్) ఉన్న రిపేరు షాపుకు వెళ్లండి. నిండా కీ ఇచ్చిన మంచి వాచీ పడుకోబెట్టినప్పుడు ఊపు 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఉంటుంది. వాచీని మైకు మీదే ఉంచి బటన్ నొక్కితే ఆ అంకె దిగడం మొదలవుతుంది. పాత పద్ధతి వాచీల్లో 20, 30 డిగ్రీలు దిగడం మామూలే. టైమ్ రోజుకు కొన్ని సెకన్లు అటో ఇటో జరుగుతుంది. చాలామంది అనుకున్నట్టు ప్రతి వాచీ వెనకబడదు, కొన్ని ముందుకు పోతాయి.

ఇక్కడే రకాలను బట్టి తేడా వస్తుంది. ఒమేగా స్పీడ్‌మాస్టర్ 1861 (ఇది లోపలి మిషన్ నంబరు) లాంటి వాటిలో పళ్ల చక్రం పక్కనుంచి వచ్చి కలుస్తుంది. అందుకే మొదలయ్యేటప్పుడు ముల్లు ఒక్కోసారి చిన్నగా ఎగురుతుంది, భారం కూడా ఎక్కువ పడుతుంది. 1969 నాటి సీకో 6139, రోలెక్స్ 4130 వంటివి వర్టికల్ క్లచ్‌వి. బైకు క్లచ్ ప్లేట్లలా రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి ఒత్తుకుని తిరుగుతాయి. ఊపు పెద్దగా పడిపోదు. ముల్లు ఎప్పుడూ తిరుగుతుంటేనే బాగుంటుందనుకునేవాళ్లు వీటినే తీసుకోవాలి. మొదటి రకంలో మాత్రం అవసరమైనప్పుడే నడపడం మంచిది.

సెల్ వాచీలో టైమ్ పట్టేది సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం. స్టాప్‌వాచ్ దాని జోలికి పోదు, కాకపోతే సెల్ తొందరగా అయిపోతుంది. సీకో వీకే రకం మెకా-క్వార్ట్జ్‌లో టైమ్ క్వార్ట్జ్‌ది, స్టాప్‌వాచ్ మెకానికల్. రీసెట్ నొక్కితే ముల్లు టక్కున సున్నాకు వచ్చేస్తుంది. రోజూ పరుగులు కొలిచే పీఈటీ సారుకు నేను చెప్పేది ఇదే.

అలాగని కీ వాచీ కొలత తప్పుగా ఉంటుందని టెన్షన్ పడొద్దు. రోజుకు 10 సెకన్లు తప్పే వాచీతో పది నిమిషాల పరుగు కొలిస్తే వచ్చే తేడా సెకనులో 0.07 వంతు. మన వేలు బటన్ నొక్కడంలో జరిగే ఆలస్యమే అంతకంటే ఎక్కువ.

నిజంగా జాగ్రత్త పడాల్సింది కీ అయిపోవస్తున్నప్పుడు. ఊపు అప్పటికే తగ్గి ఉంటుంది, దానిమీద స్టాప్‌వాచ్ భారం పడితే టైమ్ బాగా చెదురుతుంది. నిండా కీ ఉన్నా బటన్ నొక్కగానే వాచీ ఆగిపోతోందంటే లోపల నూనె ఎండిపోయి ఉండొచ్చు, సర్వీసింగ్‌కు ఇవ్వాలి. తిరిగి తీసుకునేటప్పుడు స్టాప్‌వాచ్ ఆపి ఒకసారి, నడిపి ఒకసారి టైమ్‌గ్రాఫర్ మీద పెట్టి చూపించమని అడగండి.