"నీళ్లు కలిపారా అమ్మా?": ప్లేట్‌లెట్ సొల్యూషన్ ఏడాది వాడాక

మనవడికి ప్లేట్‌లెట్లు తీసుకెళ్లడానికి వచ్చిన పెద్దాయన బ్యాగును ట్యూబ్‌లైటు వైపు ఎత్తి చూసి అడిగిన మాట ఇది. ఆయన తప్పేం లేదు. అంతకు ముందు తీసుకెళ్లినవన్నీ పసుప్పచ్చగా ఉండేవి. ఇది బియ్యం కడిగిన నీళ్లలా వెలిసిపోయి ఉంది.

నేను బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌ని. ప్లేట్‌లెట్లను ప్లాస్మాలోనే, అంటే రక్తకణాలు తేలే పసుప్పచ్చ ద్రవంలోనే, నిల్వ చేయడం నాకు అలవాటు. ఏడాదిగా మా దగ్గర ఎస్‌డీపీలకు, అంటే ఒకే దాత నుంచి మెషీన్‌తో తీసిన ప్లేట్‌లెట్లకు, ప్లాస్మాలో చాలా భాగం బదులు అడిటివ్ సొల్యూషన్ అనే ద్రవం వాడుతున్నాం. 250 ఎంఎల్ బ్యాగులో దాదాపు 160 ఎంఎల్ ఈ సొల్యూషనే, మిగతాది ప్లాస్మా. రంగు తగ్గింది అందుకే. ప్లేట్‌లెట్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. మామూలు ఎస్‌డీపీలాగే 3 లక్షల కోట్ల లెక్కకు... కాదు, 30 వేల కోట్లకు తగ్గకుండా చూస్తాం. సున్నాల దగ్గర నాకు ఇప్పటికీ తడబాటే.

సొల్యూషన్‌లో ఉండేది ఉప్పు, సిట్రేట్, ఎసిటేట్. కంపెనీని బట్టి ఫాస్ఫేటో, పొటాషియం, మెగ్నీషియమో కలుస్తాయి. అసలు పని ఎసిటేట్‌ది. ప్లేట్‌లెట్లు బ్యాగులో కూడా బతికే ఉంటాయి, గ్లూకోజ్ తింటాయి, లాక్టిక్ యాసిడ్ వదులుతాయి. దాంతో పులుపు పెరిగి పీహెచ్ పడిపోతే పాడైపోతాయి. ఎసిటేట్ వాటికి తిండి అవుతూనే పీహెచ్‌ను కాస్త నిలబెడుతుంది. చాలా సొల్యూషన్లలో గ్లూకోజ్ ఉండదు, అది ప్లాస్మా నుంచే రావాలి. మొత్తం ప్లాస్మా తీసేయకపోవడానికి అదొక కారణం.

ఐదో రోజు బ్యాగును వెలుతురుకు పెట్టి మెల్లగా నొక్కితే లోపల పట్టు చీర మడత కదిలినట్టు మెరుపు తిరుగుతుంది. మేం స్విర్లింగ్ అంటాం. బిళ్లల్లా ఉన్న మంచి ప్లేట్‌లెట్లకే ఆ మెరుపు. గుండ్రంగా ఉబ్బిపోతే పోతుంది. సొల్యూషన్ బ్యాగుల్లో మెరుపు బాగానే ఉంటోంది.

నాకు నచ్చింది మాత్రం వార్డులో కనిపించిన తేడా. ఆ పెద్దాయన మనవడికి లుకేమియా. ప్లాస్మాలో నిల్వ చేసిన ప్లేట్‌లెట్లు ఎక్కిన ప్రతిసారీ ఒళ్లంతా దద్దుర్లు, వెంటనే అలర్జీకిచ్చే అవిల్ ఇంజెక్షన్. సొల్యూషన్‌కు మారాక ఆరుసార్లు ఎక్కించారు, ఒక్కసారే కాస్త దురద వచ్చిందని సిస్టర్ చెప్పింది. అలర్జీ తెచ్చేవాటిలో ఎక్కువ భాగం దాత ప్లాస్మాలోవే కాబట్టి ఇది వింతేం కాదు. ఒక గ్రూపు ప్లేట్‌లెట్లు వేరే గ్రూపు వాళ్లకు ఇవ్వాల్సి వచ్చినప్పుడూ, వాళ్ల ఎర్రకణాల మీద దాడి చేసే దాత యాంటీబాడీలు తక్కువ వెళ్తాయి, టెన్షన్ తగ్గుతుంది. మిగిలిన ప్లాస్మా డోనర్‌కే తిరిగి వెళ్తుంది, కావాలంటే వేరే బ్యాగులోకి తీసుకోవచ్చు.

ఇక లోపాలు. ఎక్కించాక కౌంట్ ప్లాస్మా బ్యాగంత పెరగకపోవచ్చు. డెంగీ వార్డులో గంటగంటకూ "ఎంతయింది మేడమ్?" అని అడిగే బంధువులకు ఇది చెప్పి ఒప్పించడం నా వల్ల కాదు. రక్తస్రావం ఆగిందా అన్నది ఎవరికీ పట్టదు, అంకె కావాలి.

సొల్యూషన్ ఉంది కదా అని గడువు పెరగదు. మాకు అదే ఐదు రోజులు. అవే 20 నుంచి 24 డిగ్రీలు, ఆగకుండా ఊగే అదే అజిటేటర్. ఆ వెచ్చదనంలో బ్యాక్టీరియా పెరిగే భయమూ ఉంటుంది. ఇంకోటి, మెషీన్ మీద రక్తం గడ్డకట్టకుండా వాడే ఏసీడీ, సెలైన్, సొల్యూషన్ సంచులు పక్కపక్కనే వేలాడతాయి. తగిలించే ముందు లేబుల్ పైకి చదువుతాను. కుర్రాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

తీసుకెళ్లేవాళ్లకు ఒక్కమాట: ఐస్ బాక్సు తేకండి. ఆ పెద్దాయన మొదటిసారి ఐస్ గడ్డలతో సహా తెచ్చారు, తలుపు దగ్గరే ఆపాను. ప్లేట్‌లెట్లకు చలి పడదు.

మాటిమాటికీ ప్లేట్‌లెట్లు ఎక్కించుకోవాల్సిన పేషెంట్లకు, దద్దుర్లు వచ్చేవాళ్లకు తప్పకుండా అడిగి వాడమంటాను. అయిదుకు నాలుగు ఇస్తా. ఆ ఒకటి తగ్గించింది సరఫరాకు. పోయిన సెప్టెంబరులో డెంగీ రద్దీ మధ్య తొమ్మిది రోజులు స్టాక్ లేదు, మళ్లీ ప్లాస్మాకే వెళ్లాం. ఈసారి జూలైలోనే సొల్యూషన్ కావాలని ఇండెంట్ పెట్టించాను.