పాత పొక్లెయిన్‌కి మెకానికల్ ఆయిల్ ప్రెషర్ గేజ్: కొన్నేళ్లు వాడాక

ఈ గేజ్ లేకపోతే మా పాత పొక్లెయిన్ ఇంజన్‌ను అనవసరంగా దింపేవాళ్లం.

మిషన్ కాకతీయ పనుల రోజుల్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి అది. ఆరు సిలిండర్లు, పాతకాలపు ఫ్యూయల్ పంపు. క్యాబిన్‌లోని మీటర్‌ను నమ్మలేం, సెన్సర్ పాడైనా వైరు తుప్పు పట్టినా తప్పే చూపిస్తుంది. ఎర్ర లైటు వెలిగేసరికి ప్రెషర్ దాదాపు అయిపోయినట్టే. అందుకే హోస్, అడాప్టర్లతో వచ్చే ముల్లు గేజ్ సెట్ కొన్నాను. సెన్సర్ విప్పి అదే రంధ్రంలో బిగిస్తే ఆయిల్ ప్రెషరే నేరుగా ముల్లును కదుపుతుంది.

పోయిన వేసవిలో చెరువు పూడిక తీస్తుండగా ఆపరేటర్ ఫోన్ చేశాడు: "అన్నా, ఆయిల్ లైటు మిణుకుమంటోంది, బండి ఆపేశాను." వచ్చిన మెకానిక్ చూడగానే బేరింగులు పోయాయన్నాడు, క్రాంక్ గ్రైండింగ్‌కి పంపాల్సిందేనన్నాడు. సీజన్ మధ్యలో ఆ మాట వింటే ఎంత టెన్షనో బండి ఉన్నవాళ్లకు తెలుసు. ముందు గేజ్ పెట్టి చూద్దామన్నాను.

బేరింగులు అరిగితే ముల్లు పడే తీరు వేరు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బాగానే చూపించి, ఆయిల్ వేడెక్కి పల్చబడే కొద్దీ దిగుతుంది. రేస్ ఇస్తే మళ్లీ నిలకడగా లేస్తుంది. మాది అలా లేదు. స్టార్ట్ చేశాక ముల్లు లేవడానికే ఆలస్యమైంది, లేచాక వణుకుతూనే ఉంది. రేస్ ఇస్తే వణుకు ఇంకా పెరిగింది. బండి కాస్త వాలుగా ఉన్నచోట పడిపోయి, చదును మీదికి రాగానే కోలుకుంది. గ్లిజరిన్ నింపిన డయల్ కాబట్టి అది ఇంజన్ అదురు కాదు. డిప్‌స్టిక్ మీద లెవెల్ సరిగ్గానే ఉంది, ఆయిల్‌లో డీజిల్ కలిసిన వాసన లేదు. ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూశాం, బేరింగులు అరిగితే వచ్చే లోహపు పొడి కనబడలేదు.

పంపు గాలి లాగుతోందేమోనని ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒక పెద్ద మేస్త్రీ ఫోన్‌లో అన్నారు. రెండు లీటర్లు ఎక్కువ పోసి, రేస్ ఇవ్వకుండా ఐడిల్‌లోనే కాసేపు చూడమన్నారు. పోయగానే ముల్లు కుదురుగా నిలబడింది! గాలి దూరే సందు ఆయిల్‌లో మునిగిందన్నమాట. (ఆ అదనపు ఆయిల్ వెంటనే తీసేయాలి, క్రాంక్ తగిలితే నురగ కడుతుంది.) చాంబర్ (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) విప్పితే, పంపు ఆయిల్ లాగే సక్షన్ పైపు జాయింట్ దగ్గర రబ్బరు ఓ-రింగు గట్టిపడి చిట్లి ఉంది. కొత్త రింగు, కొత్త ప్యాకింగ్ వేసి మూశాం. వేడి మీద ఐడిల్‌లో కిలో పైనే నిలిచింది (కిలో అంటే చదరపు సెంటీమీటరుకు కిలో ప్రెషర్). వెయ్యి ఆర్‌పీఎమ్‌కి 0.7 కిలో ఉండాలనేది పాత మేస్త్రీల లెక్క. మాన్యువల్ ఉంటే అందులో రాసిందే చూసుకోవాలి.

గేజ్ బాగుంది గానీ సెట్ మొత్తాన్ని మెచ్చుకోలేను. దాంతో వచ్చిన హోస్ వేడికి మెత్తబడింది. అది పగిలితే సలసల కాగే ఆయిల్ మనిషి మీద పడుతుంది, అందుకే హైడ్రాలిక్ షాపులో వేరేది చేయించాను. అడాప్టర్లతో ఇంకా జాగ్రత్త. 1/8 బీఎస్‌పీకి (బ్రిటిష్ పైపు మర) అంగుళానికి 28 మరలు, ఎన్‌పీటీకి (అమెరికన్ పైపు మర) 27. ఒకదాంట్లో ఇంకోటి చేత్తో కొంత తిరుగుతుంది, స్పానర్ వేశారంటే బ్లాక్ మరలే పోతాయి. గ్లిజరిన్ డయల్ ఇంజన్ పక్కన వేడెక్కితే రీడింగ్ కొంచెం పక్కకు జరుగుతుంది. పైనున్న రబ్బరు బిరడా ఒకసారి ఎత్తితే సర్దుకుంటుంది. ఐడిల్‌లో అర కిలో, కిలో తేడాలు చూసేటప్పుడు ఇది చిన్న విషయం కాదు.

తెలిసినవాళ్ల బండికి ఇదే గేజ్ పెడితే చల్లగా మూడు కిలోలు, వేడి మీద అర కిలో కూడా లేదు. అక్కడ నిజంగానే బేరింగులు మార్చాల్సి వచ్చింది. అంటే ప్రతిసారీ ఖర్చు తప్పిస్తుందని చెప్పలేను. నాది పాత బండి, ఆటోనగర్‌కి దూరం, ఒక్కరోజు ఆగినా బాడుగ పోతుంది కాబట్టి నాకు గిట్టుబాటైంది. కంప్యూటర్ ఉన్న కొత్త బండ్ల వాళ్లకు ఇంత అవసరం ఉండకపోవచ్చు. కొంటే మాత్రం పది కిలోల డయల్ కంటే ఏడు కిలోలది తీసుకోండి, కింది గీతలు స్పష్టంగా కనిపిస్తాయి.