కోతుల సీరియలా, లోగన్ పరుగా: ఏది మేలు?

రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం నెల్లూరులో గడప దాటేదెవరు? ఫ్యాన్ కింద కూర్చుని పాత అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సీరియల్ ఒకటి పూర్తి చేద్దామనుకుంటే రెండున్నాయి: 1974 నాటి 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్', 1977 నాటి 'లోగన్స్ రన్'. రెండూ హిట్ సినిమాల్లోంచి పుట్టినవే, రెండూ సీబీఎస్ అనే అమెరికన్ టీవీ ఛానల్‌వే, రెండూ 14 ఎపిసోడ్లకే మూతపడ్డాయి. రోజుకు రెండు చూస్తే వారంలో ఒకటి అయిపోతుంది.

రెండిటి జబ్బూ ఒకటే. ఒకదాంట్లో కోతులేలే లోకంలో పడిన వ్యోమగాములు, ఇంకోదాంట్లో తమ నగరం వదిలిన లోగన్ జంట పారిపోతుంటారు, పట్టుకోవాలని వచ్చేవాళ్లు తరుముతుంటారు. వారానికో ఊరు, అక్కడో చిక్కు, పట్టుబడటం, తప్పించుకోవడం. దొరికితే కథ ఆగిపోతుంది కాబట్టి దొరకరు. నాలుగో ఎపిసోడ్‌కే ఆ సంగతి మనకు తెలిసిపోతుంది. ఇక మిగిలింది, ఎవరి వెంట పరిగెత్తడం బాగుంటుందన్నదే.

అక్కడ కోతులదే పైచేయి. సినిమాల్లో చింపాంజీ వేషం కట్టిన రాడీ మెక్‌డోవాలే ఇందులో వ్యోమగాములకు తోడైన చింపాంజీ గేలెన్. ముఖమంతా రబ్బరు కప్పేసినా కళ్లతో, మూతి కదలికతో నటించేస్తాడు. 1968 సినిమాలో అక్కడి మనుషులకు మాటలు రావు, సీరియల్లో వస్తాయి. ప్రతి వారం ఊరివాళ్లతో కథ నడపాలి కదా! అలా సగం భయం ఆవిరైపోయింది. ఈ కోతుల లోకం మన భూమేనని సినిమాలో ఇసుకలో కూరుకుపోయిన లిబర్టీ విగ్రహంతో చూపించిన పనికి, ఇక్కడ ఓ ముసలాయన పాత పుస్తకంలో న్యూయార్క్ బొమ్మ తీసి చూపిస్తాడు. చుట్టాలొచ్చారని పులుసులో నీళ్లు పోసినట్టుంది.

అయినా మూడోది, 'ది ట్రాప్', వదలొద్దు. భూకంపంలో గొరిల్లా సేనాని అర్కో, అతను తరుముతున్న వ్యోమగామి బర్క్ ఇద్దరూ పాత భూగర్భ రైలు స్టేషన్లో చిక్కుకుంటారు. బయటపడాలంటే కలిసి పనిచేయాలి. అక్కడో జూ పోస్టరు, అందులో బోనులో గొరిల్లా. దాన్ని చూశాక అర్కో ముఖం చూడండి, ఈ సీరియల్ ఏం కాగలిగేదో అర్థమవుతుంది.

లోగన్‌లో జంట అందంగానే ఉంటుంది, అంతే. బతికించేది రెమ్ అనే యంత్రమనిషి, ఆ పాత్రలో డొనాల్డ్ మోఫాట్ నవ్వకుండా వేసే చురకలు. 30 ఏళ్లకే చావాలన్న నగరాన్ని సినిమాలో కంప్యూటర్ ఏలితే, ఇక్కడ చాటుగా ముసలివాళ్ల మండలి ఏలుతుంది. మంచి మలుపే, కానీ దాన్ని మొదట్లోనే వాడేసి వదిలేశారు. స్టోరీ ఎడిటర్ 'స్టార్ ట్రెక్' సీరియల్ రచయిత్రి డి.సి. ఫాంటానా కాబట్టి విడి కథలు కొన్ని గట్టిగా ఉన్నాయి. గడ్డకట్టించిన ఆరుగురిని లేపే మందు ముగ్గురికే మిగిలిన 'క్రిప్ట్' వాటిలో ఒకటి.

ఇంటిల్లిపాదీ కూర్చుంటే కోతులు. ఒంటరిగా, ఏరుకుని చూసేవాళ్లకు లోగన్. కోతులకు మాత్రం 1968 సినిమా ముందు చూడాలి. సీరియల్ మొదటి ఎపిసోడే ఆ విగ్రహం గుట్టు విప్పేస్తుంది.