మోడలింగ్ పెడల్‌కు తోడు: గిటార్ ఆంపా, ఫుల్ రేంజ్ స్పీకరా?

గిటార్ ఆంప్ ధ్వనిని డిజిటల్‌గా అనుకరించే మోడలింగ్ పెడల్ తనలోనే ప్రీఆంప్‌నూ (ధ్వనికి తొలి రంగు అద్దే ఆంప్ భాగం) స్పీకర్ క్యాబినెట్‌నూ (స్పీకర్ బిగించిన పెట్టె) అనుకరిస్తుంది కనుక, దానిని గిటార్ ఆంప్ ముందు ఇన్‌పుట్‌లో కలిపితే ఆ ఆంప్ ప్రీఆంప్, స్పీకర్ అదే ధ్వనికి రెండోసారి రంగు పులుముతాయి. పైగా సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక గిటార్ స్పీకర్ స్పందన వేగంగా పడిపోతుంది కాబట్టి శబ్దం మూసుకుపోయినట్టు వినిపిస్తుంది. క్యాబినెట్ అనుకరణను ఆపి, ఆంప్ ప్రీఆంప్‌ను దాటవేసే ఎఫెక్ట్స్ రిటర్న్ ఇన్‌పుట్‌లో కలిపితే ఆ దోషం చాలావరకు తొలగి, ఛాతీకి తగిలే నిండుదనం దక్కుతుంది. నాకు అత్యంత ప్రియమైనది అదే.

హెచ్చు తగ్గు స్వరాలన్నింటినీ రంగు పులమకుండా వినిపించే ఫుల్ రేంజ్ స్పీకర్‌కైతే ఆ క్యాబినెట్ అనుకరణ ఉండి తీరాలి, లేకుంటే డిస్టార్షన్ (గిటార్ గరగర ధ్వని) కందిరీగల రొదలా చెవులను కోస్తుంది. మైకు పెట్టి రికార్డు చేసిన గిటార్‌ను పోలిన ఈ ధ్వని పీఏలో (వేదిక సౌండ్ సిస్టంలో) శ్రోతలు వినేదానికి దగ్గరగా ఉంటుంది కనుక, తిరుపతి మహతి ఆడిటోరియం వంటి వేదికకు నేను దీన్నే ఎంచుకుంటాను.