స్వరాజ్ మైదానం: విగ్రహం ఎదుట ఒక సాయంత్రం

విజయవాడ బందరు రోడ్డులోని స్వరాజ్ మైదానాన్ని పీడబ్ల్యూడీ గ్రౌండ్స్‌గా, జనవరిలో పుస్తక మహోత్సవం జరిగే చోటుగా ఎరిగిన నాకు, 2024 జనవరి 19న 81 అడుగుల పీఠంపై ఆవిష్కృతమైన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాన్ని దగ్గర నుంచి చూసినప్పుడు ఒళ్ళు గగుర్పొడిచింది. తప్పక చూడవలసిన చోటు. అయితే సభలకు, పుస్తకాలకు, రైతుబజారుకు చోటిచ్చిన ఆ ఖాళీ నేల విలువ వేరు. కొనే స్తోమత లేనివారు కూడా అక్కడ గంటల తరబడి నిలబడి పుస్తకాలు తిరగేసేవారు. చుట్టుపక్కల అద్దెలు పెరిగి చిరువ్యాపారులు దూరం జరగకముందే, ప్రాంగణాన్ని ఏయే పనులకు వాడాలో నిర్ణయించే సమావేశాల్లో తోపుడుబండ్ల వారిని, పాత పుస్తకాలు అమ్మేవారిని, ఇరుగుపొరుగు కాలనీల వారిని కూర్చోబెట్టి, వారి మాట వినాలని నా గట్టి కోరిక. గొప్ప చదువరి అయిన అంబేద్కర్ ఎదుట ఏటా కొన్నాళ్ళయినా పుస్తకాల దుకాణాలు వెలిస్తే, పిల్లలను వెంటబెట్టుకుని తప్పక వస్తాను.