ఇంట్లో కట్టుకున్న హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌లో ఐదు ఆప్ యాంప్ చిప్పులు

హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌ను సొంతంగా కట్టుకునేవారు ఆప్ యాంప్ చిప్పులను, అంటే సిగ్నల్‌ను పెంచే చిన్న ఐసీలను, గాయకులను వర్ణించినట్టు వర్ణిస్తారు. ఒకటి తియ్యగా పలుకుతుందంటారు, ఇంకొకటి పొడిగా ఉంటుందంటారు, మరొకటి గాత్రాన్ని ముందుకు తెస్తుందంటారు. హైదరాబాద్‌లో ఈ పని మొదలుపెట్టినవారు ముందుగా వెళ్లేది కోఠిలోని గుజరాతీ గల్లీకే. అక్కడ అడగగానే చేతికొచ్చే టీఎల్ 072, ఎన్‌ఈ 5532లతో పాటు, కాస్త వెతికితే గానీ దొరకని ఓపీఏ 2134, ఎల్‌ఎం 4562, ఎన్‌జేఎం 4556లను కూడా తెచ్చి, ఒకే సర్క్యూట్‌లో మార్చి మార్చి విన్నాను. తేడా నిజంగా వినిపించిన ప్రతిచోటా దానికి మల్టీమీటర్‌తోనో, డేటాషీట్‌తోనో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) చూపించగల కారణం ఉంది. కారణం లేనిచోట నా చెవికి తేడా కూడా అందలేదు.

సర్క్యూట్ చూ మోయ్ అనే ఆయన రూపొందించిన సీమోయ్ అనే చిన్న హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్. 9 వోల్టుల బ్యాటరీ ఒకటి, దాన్ని సగానికి పంచే రెసిస్టర్లు, కెపాసిటర్లు, చిప్‌ను మార్చుకోవడానికి ఎనిమిది కాళ్ల ఐసీ బేస్ ఉంటే చాలు. రెండు బోర్డులు ఒకేలా కట్టి, ఒక శాతం రెసిస్టర్లలో విలువలు దగ్గరగా ఉన్నవాటిని మీటర్‌తో ఏరి జతపరిచాను. ఒక బోర్డు రవ్వంత గట్టిగా మోగినా మన చెవి దాన్నే మంచి ధ్వని అనుకుంటుంది కాబట్టి ఈ శ్రమ తప్పదు. ఆ తరువాత ఏ బోర్డులో ఏ చిప్ ఉందో నాకు కనిపించకుండా మా తమ్ముడు హెడ్‌ఫోన్‌ను మార్చేవాడు.

సెన్‌హైజర్ హెచ్‌డీ 600 వంటి 300 ఓముల హెడ్‌ఫోన్‌తో ఓపీఏ 2134కూ ఎల్‌ఎం 4562కూ మధ్య తేడాను నేను పట్టుకోలేకపోయాను. వీణ మీద సాగదీసిన గమకం సన్నగిల్లి ఆగిపోయేచోట, తంబూరా శ్రుతి వెనుక నుంచి వినిపించేచోట మరీ శ్రద్ధగా విన్నాను. ఒప్పుగా గుర్తించినవి ఊహతో చెప్పినా వచ్చేటన్నే. ఇందులో వింత లేదు. 300 ఓముల భారానికి మూడు వోల్టుల శిఖరం వద్ద కూడా 10 మిల్లీ ఆంపియర్లు చాలు, ఆ మాత్రం ఈ రెండు చిప్పులూ అలవోకగా ఇస్తాయి.

ఇన్-ఇయర్ ఫోన్లు పెట్టగానే మాత్రం టీఎల్ 072 బయటపడింది. పాట ఆగినప్పుడు సుయ్‌మనే చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. దీని సొంత నాయిస్ (చప్పుడు) హెర్ట్జ్ వర్గమూలానికి 18 నానోవోల్టులు, ఓపీఏ 2134ది 8, ఎన్‌ఈ 5532ది 5, ఎల్‌ఎం 4562ది 2.7. అంకె ఎంత చిన్నదైతే చప్పుడు అంత తక్కువ. సీమోయ్ మూల సర్క్యూట్‌లో గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే మేర, 11 రెట్లు కాబట్టి, రెసిస్టర్ల చప్పుడును పక్కనపెట్టినా, వినికిడి పరిధి మొత్తానికి టీఎల్ 072 నుంచి దాదాపు 28 మైక్రోవోల్టులు, ఓపీఏ 2134 నుంచి 12 మైక్రోవోల్టులు బయటికి వస్తాయి. సున్నితమైన ఇయర్‌ఫోన్‌కు, రాత్రిపూట నిశ్శబ్దమైన గదిలో, ఆ 28 చెవికి తగులుతుంది. ఈ పరీక్షకు ఘంటసాల కాలపు రికార్డింగులు పనికిరావు, వాటిలోని టేపు చప్పుడు చిప్ చప్పుడును కప్పేస్తుంది.

పరిష్కారం చిప్ మార్చడం ఒక్కటే కాదు. నేటి ఫోన్లూ డాక్‌లూ (డిజిటల్ పాటను సిగ్నల్‌గా మార్చే పరికరాలు) ఇచ్చే సిగ్నల్‌కు 11 రెట్ల గెయిన్ అనవసరం. గెయిన్‌ను నిర్ణయించే 1 కిలో ఓము రెసిస్టర్ స్థానంలో 4.7 కిలో ఓములది పెడితే గెయిన్ మూడు రెట్లకు దిగుతుంది, చప్పుడూ ఆ మేరకు తగ్గుతుంది, వాల్యూమ్ నాబ్ కూడా సగం వరకు తిప్పుకునే వీలు కలుగుతుంది.

ఎన్‌ఈ 5532 విషయంలో ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీనికి అన్యాయం జరుగుతోంది. 1979లో సిగ్నెటిక్స్ తెచ్చిన ఈ చిప్ దశాబ్దాలుగా స్టూడియో మిక్సర్లలో పనిచేస్తున్నా, సీమోయ్‌లో పెట్టి విన్నవారు మసకగా ఉందని పక్కన పడేస్తారు. లోపం చిప్‌ది కాదు. దీని ఇన్‌పుట్ కాలు సుమారు 200 నానో ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. అది సీమోయ్ ఇన్‌పుట్ దగ్గరున్న 100 కిలో ఓముల రెసిస్టర్ గుండా వెళ్లేసరికి 20 మిల్లీవోల్టులవుతుంది, 11 రెట్ల గెయిన్‌తో అవుట్‌పుట్‌లో 220 మిల్లీవోల్టుల డీసీగా, అంటే పాటతో సంబంధం లేని స్థిర వోల్టేజీగా, తేలుతుంది. హెడ్‌ఫోన్ తగిలిస్తే ఆ డీసీ కరెంటు బ్యాటరీ మధ్య బిందువును కూడా పక్కకు లాగేస్తుంది, ధ్వని ఒకవైపు నలిగిపోతుంది. ఆ 100 కిలో ఓములను 10కి తగ్గించి, ఇన్‌పుట్ కెపాసిటర్‌ను 0.1 నుంచి 1 మైక్రోఫారడ్‌కు పెంచి, గెయిన్ మూడుకు దించితే డీసీ ఆరేడు మిల్లీవోల్టులకు పడిపోతుంది, బాస్ హద్దు మునుపటిలాగే 16 హెర్ట్జ్ వద్ద నిలుస్తుంది. ఇలా సరిచేశాక ఎన్‌ఈ 5532ను ఖరీదైన ఓపీఏ 2134 నుంచి వేరుచేసి చెప్పడం నా చేత కాలేదు. ఇన్‌పుట్‌లో దాదాపు కరెంటే తీసుకోని ఫెట్ రకం ట్రాన్సిస్టర్లు ఉన్న ఓపీఏ 2134కు ఈ మార్పులేవీ అక్కర్లేదు, అది సీమోయ్‌లో అంత పేరు తెచ్చుకోవడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం.

32 ఓముల ప్లేనార్ హెడ్‌ఫోన్‌తో (పలుచని చదును పొర కదిలి మోగే రకం) చిప్పుల వరుస మొత్తం తారుమారవుతుంది. ఇక్కడ కావలసింది కరెంటు. మృదంగం ఎడమ పక్క మీద గట్టి దెబ్బ పడ్డప్పుడు టీఎల్ 072 ఆ గుంకిని చదును చేసేస్తుంది, ఓపీఏ 2134 కూడా పెద్ద వాల్యూమ్ వద్ద తడబడుతుంది. 70 మిల్లీ ఆంపియర్లు ఇవ్వగల ఎన్‌జేఎం 4556 మాత్రం ఆ దెబ్బను నిండుగా వినిపించింది. 2011లో వచ్చిన, సొంతంగా కట్టుకోగల ఓ2 అనే హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌కు ఈ చవక చిప్‌నే ఎంచుకోవడం ఊరికే జరగలేదు. ఇదీ ఎన్‌ఈ 5532లాగే ఇన్‌పుట్ కాలులో కరెంటు పారే బైపోలార్ రకం చిప్పే కాబట్టి పైన చెప్పిన రెసిస్టర్ మార్పులు దీనికీ అవసరం.

ఎల్‌ఎం 4562 కాగితం మీద అన్నింటికన్నా మేటి, కానీ 55 మెగాహెర్ట్జ్ వేగం గల ఈ చిప్‌కు నాలుగు, ఎనిమిది కాళ్ల దగ్గరే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ లేకపోతే మనకు వినిపించని పౌనఃపున్యంలో తనంతట తానే ఊగిపోతుంది (ఆసిలేషన్). అప్పుడు చిప్ వేడెక్కుతుంది, ధ్వని గరుకుగా మారుతుంది. ఆ గరుకుదనాన్నే కొందరు దీని స్వభావం అనుకుంటారు.

ఏ చిప్ పెట్టినా వినే ముందు బ్యాటరీ వైరులో మల్టీమీటర్‌ను వరుసగా కలిపి కరెంటు చూడండి. సిగ్నల్ లేనప్పుడు టీఎల్ 072 దాదాపు 3 మిల్లీ ఆంపియర్లు, ఓపీఏ 2134, ఎన్‌ఈ 5532 ఎనిమిదేసి, ఎల్‌ఎం 4562 పది తీసుకోవాలి. పది కంటే చాలా ఎక్కువ చూపిస్తే చిప్ ఊగుతోందని అనుమానించాలి. ఎల్‌ఎం 4562 అని అచ్చువేసిన చిప్ మూడే తీసుకుంటుంటే అది పేరు మార్చి అమ్మిన వేరే చిప్, దాని ధ్వని గురించి ఎవరేం రాసినా ఎల్‌ఎం 4562కు వర్తించదు.